మా అమ్మ ముఖానికి రెండు ధరలు

దుకాణదారుల ఇంట్లో పుట్టిన పిల్లలకు మాటలు రాకముందే ఒక సంగతి తెలిసిపోతుంది. ప్రతి వస్తువుకూ రెండు ధరలుంటాయి. చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఒకటి. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగాలోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది, నా చదువు సాగింది, నా పెళ్లి అయింది. మా అమ్మ ముఖానికి కూడా అలాగే రెండు ధరలు. కుడివైపు చెప్పే ధర, ఎడమవైపు ఇచ్చే ధర.

పుట్టుకతోనే అమ్మ ముఖం రెండు వైపులా ఒక్కలా లేదు. కుడి సగం బిగించిన మూతలా ఉంటుంది. కన్ను కాస్త చిన్నది, కనుబొమ కాస్త కిందికి, పెదవి చివర ఎంతకీ కదలదు. ఎడమ సగానికి ఆ నిగ్రహం లేదు. లోపల ఏ కొంచెం సంతోషం కలిగినా ఎడమ పెదవి చివర పైకి లేస్తుంది, దాని వెంట బుగ్గ, బుగ్గ వెంట కంటి కింది ముడత. మనసు చిన్నబోతే అదే చివర అంత తొందరగానూ కిందికి జారుతుంది. మా అమ్మమ్మ దీనికి కారణం చెప్పేది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు అమ్మ ఎటు పడుకోబెట్టినా కుడిపక్కకే తిరిగి పడుకునేదట. "ఒక బుగ్గ చాపది, ఒక బుగ్గ గాలిది. చాప బుగ్గకు నవ్వెట్ల వస్తది?" అనేది.

భద్రాచలం పోయే రోడ్డు మీద, టేకు చెట్లు చిక్కబడడానికి కాస్త ముందు వచ్చే ఊరు మాది. అందులో మాది స్టీలు సామాన్ల దుకాణం. పేరుకు నాన్నది, గద్దె మాత్రం అమ్మది. నాన్న ఖమ్మం పోయి సరుకు తెస్తాడు, దించుతాడు, తూకం వేస్తాడు. ధర మాట మాత్రం ఆయన నోట రాకూడదని మా ఇంట్లో కట్టుబాటు. ఎందుకంటే వస్తే నేరుగా ఇచ్చే ధరే వస్తుంది.

పాత దుకాణంలో అమ్మ గద్దె మీద రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చునేది. ఆమె ఎడమ చేతి పక్కన గోడ. కుడి చేతి పక్కన, కాస్త ముందుకు, కొనేవాళ్లు కూర్చోవడానికి పొడవాటి చెక్క బల్ల. ఎడమ గోడ నిండా మేకులకు తగిలించిన పళ్లేలు, జల్లెడలు, మూతలు, వాటి మధ్యలో సూర్యుడంత పెద్ద తాంబాలం ఒకటి. ఆ తాంబాలం అమ్మకానిది కాదు, దుకాణానికి అందమని ఉంచింది. దాన్ని మెత్తటి గుడ్డతో తళతళలాడేట్టు తుడవడం చిన్నప్పుడు నా పని. మిగతా సామానుకు దుమ్ము పట్టినా ఊరుకునేది గాని, దాని మీద వేలిముద్ర కనిపిస్తే అమ్మ ఊరుకునేది కాదు.

గద్దె ఆ గోడ పక్కన పెట్టించింది అమ్మే. తన ఎడమ సగం సంగతి ఆమెకు తెలుసు. దాన్ని గోడకు అప్పగించి, కుడి సగాన్ని వ్యాపారంలో పెట్టింది. బేరం నడుస్తున్నంతసేపూ బల్ల వైపు తల తిప్పేది కాదు. రోడ్డు చూస్తూ మాట్లాడేది, ఈ బిందె అమ్ముడుపోయినా పోకపోయినా తనకు ఒకటే అన్నట్టు.

"బేరంల మొఖం ఇయ్యొద్దు బిడ్డా, మాట ఇయ్యాలె. మొఖం ఇస్తే గల్లాపెట్టె తాళం ఇచ్చినట్టే," అని నాకు చెప్పేది. ఆ మాట చెప్తున్నప్పుడు కూడా రోడ్డే చూసేది.

చుట్టుపక్కల పల్లెలనుంచి, గోదావరి అవతలి గూడేలనుంచి ఆడవాళ్లు పెళ్లి సామానుకు మా దగ్గరికే వచ్చేవాళ్లు. సామాను తూకం మీద పోతుంది కాబట్టి గొడవంతా కొసరు దగ్గరే.

"గింత సామాను తీసుకుంటిమి, రెండు గిలాసలన్న ఇయ్యవా సావుకారమ్మా?"

"ఇస్త అక్కా. మీ బిడ్డ పెండ్లికి నేను రెండు గిలాసలు ఇస్త, నా బిడ్డ పెండ్లికి నువ్వు నా ఇల్లు రాసియ్యి."

"పోనీ ఒక్క గంటె."

"గంటె ఇస్తే చెంచా ఏడుస్తది."

ఇలా ఎంతో సేపు. అమ్మ కుడి చెంప మీద ఈగ వాలినా కదిలేది కాదు. ఏదో ఒక మాట దగ్గర బల్ల మీది ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకొని, "సర్లే, కట్టియ్," అనేవాళ్లు. వాళ్లు అటు పోగానే అమ్మ ఇటు తిరిగి నాకు ఎడమ సగం చూపించేది. అది అప్పటికే పూర్తిగా నవ్వుతూ ఉండేది. ఇంత గట్టి మనిషి కడుపున పుట్టినందుకు నాకు ఛాతీ ఉబ్బేది.

ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ వింతగా ఉండేది. ఫ్యాను గాలి బల్ల ఇవతలి చివరకు తగిలేది. అవతలి చివర, అంటే రోడ్డు వైపు, ఎండ పడేది. అయినా వచ్చిన ఆడవాళ్లు ఆ ఎండ చివర కోసమే తోసుకునేవాళ్లు. పెద్ద వయసావిడకో, బేరంలో ఆరితేరినావిడకో ఆ చోటు వదిలిపెట్టి మిగతావాళ్లు జరిగి కూర్చునేవాళ్లు. నేను అడిగితే అమ్మ తేలిగ్గా తీసేసింది.

"ఆడ కూసుంటే బస్సు వచ్చేది కనవడ్తదే. గందుకే."

నేనూ నమ్మాను. బస్సు కంటే పెద్ద కారణం ఏముంటుంది?

ఇంట్లో మాత్రం ఆమె ముఖానికి గోడ లేదు. అన్నం తినేటప్పుడు నాన్న ఎప్పుడూ అమ్మకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. పెళ్లయిన కొత్తలో ఏదో ఒక రోజు తెలియక కుడి పక్కన కూర్చున్నాడట. కూర బాగుందని పొగిడినా ఆమె నవ్వకపోతే కోపమొచ్చిందనుకొని రెండో ముద్ద దిగలేదట. అవతల ఎడమ బుగ్గ పండగ చేసుకుంటున్నది ఆయనకేం తెలుసు?

నేను ఏదైనా అడగాలన్నా ఎడమవైపే చేరేదాన్ని.

"అమ్మా, బడి వాళ్లు కిన్నెరసాని తీస్కపోతున్నరు."

"వద్దు. నీళ్లున్నయ్. మొసళ్లున్నయ్."

"టీచరమ్మ చెయ్యి ఇడవనమ్మా."

"టీచరమ్మకు ఎన్ని చేతులే?"

ఆ మాట దగ్గర ఎడమ చివర లేచేది. అంతే, నేను నోరు కట్టేసుకునేదాన్ని. బేరం కుదిరాక కూడా మాట్లాడేవాడు మూర్ఖుడని మాకు పాలతో పట్టించిన నీతి. కాసేపటికి అమ్మే, "జల్దీ రావాలె మరి," అనేది. నేను గెలిచానని అనుకునేదాన్ని. నిజానికి ఆమె ముఖాన్ని దొంగచాటుగా చదివి ఆమె ఎలాగూ ఇవ్వబోయేదాన్ని పుచ్చుకున్నాను. దానికి గెలుపని పేరు పెట్టుకున్నాను.

నా పెళ్లిలో ఫొటోలు తీసే అబ్బాయికి ఈ ముఖం అంతుపట్టలేదు. "అమ్మా, కొంచెం సమానంగా నవ్వండి," అన్నాడు. అమ్మ ప్రయత్నించింది. "ఇంకొంచెం కుడివైపు, అమ్మా."

"సమానంగా నవ్వనీకి నా మొఖంల తక్కెడ పెట్టినవా అయ్యా? ఉన్నంత తియ్యి," అంది.

ఆ ఆల్బం చూసిన నా అత్తగారి తరఫు వాళ్లు అమ్మ సగం ఇష్టంతోనే పిల్లనిచ్చిందని చాలాకాలం అనుకున్నారు.

నాకు కూడా ఆ ముఖమే వచ్చింది, కాకపోతే తిరగేసి. నాకు కదిలేది కుడి చివర. అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చొని నవ్వితే ఇద్దరి నవ్వులూ ఒకే గోడ వైపు పోతాయి. అమ్మను చూసి చూసి, అద్దంలో చూసుకున్నట్టే తిరగేసి నేర్చుకున్నావేమో అంటాడు మా ఆయన. ముఖమైతే వచ్చింది గాని దాన్ని దాచే గోడ నాకు రాలేదు. ఖమ్మం రైతుబజారులో బెండకాయలమ్మే ఆమె ఒకరోజు నా పరువు నడిబజారులో తీసింది.

"నీ నోరు వద్దంటున్నది గని, నీ మూతి ఎప్పుడో ఒప్పుకున్నదమ్మా. సంచి పట్టు."

పట్టాను. అప్పటినుంచి బేరమాడేటప్పుడు కొంగుతో మూతి తుడుచుకుంటున్నట్టు నటించడం మొదలుపెట్టాను. ఎండాకాలం బాగానే సాగింది. చలికాలంలో ఈ చెమటేమిటని అనుమానం వచ్చింది వాళ్లకు. మాస్కుల కాలం వచ్చినప్పుడు లోకమంతా భయపడుతుంటే, పాపిష్టిదాన్ని, నేను మాత్రం చీరల షాపులకు పోయి నా జీవితంలోకెల్లా గొప్ప బేరాలు చేసుకొచ్చాను. ఆ కాలపు చీరలు ఇప్పటికీ బీరువాలో వేరుగా పెట్టాను.

ఇంతలో మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు. పాత దుకాణం ముందు సగం పోయింది. గద్దె, బల్ల, అవి ఉన్న జాగా ఇప్పుడు లారీలు పోయే దారి. రోడ్డుకు అవతలి వైపున మాకున్న చిన్న మడిగెను, ఖాళీగా పడున్న కొట్టును, రెండు గదులు చేసి సామానంతా అక్కడికి మార్చారు. సర్దడానికి నేను ఖమ్మంనుంచి వచ్చాను. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. మెట్లు, తలుపు, వాస్తు అన్నీ కలిసి గద్దెను ఒకే మూలకు నెట్టాయి. ఆ మూలన రోడ్డు చూస్తూ కూర్చుంటే గోడ అమ్మకు కుడి పక్కన వస్తుంది. కొనేవాళ్ల బల్ల ఎడమ పక్కన.

"గద్దె అటు మూలకు జరుపుదాం," అంది అమ్మ.

"ఆ మూలల గల్లాపెట్టె ఉండొద్దన్నడు వాస్తు చూసినాయన," అన్నాడు నాన్న.

"అయితే ఇటు తిరిగి కూసుంట."

"రోడ్డుకు ఈపు పెట్టా? వచ్చే లక్ష్మికి ఈపు చూపిస్తవా?"

లక్ష్మి పేరెత్తాక అమ్మ గద్దె ఎక్కింది. కూర్చుంది.

మొదటి బేరానికి వచ్చింది ఎక్కడో సత్తుపల్లి వైపునుంచి ఇక్కడి ఊరికి కోడలుగా వచ్చిన కొత్త పిల్ల. కుక్కరు, ఇడ్లీ పాత్ర ముందు పెట్టుకొని ధర తగ్గించమని, గంటె కొసరు వేయమని అడుగుతోంది. అమ్మ అలవాటు చొప్పున రోడ్డు చూస్తూ, గంటె ఇస్తే చెంచా ఏడుస్తుందనే మాట ఇంకా పూర్తి చేయలేదు, ఆ పిల్ల చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"అగో, నవ్విందండీ! ఆంటీ నవ్వేశారు! ఇంక నేనన్న రేటే, గంటె కూడా వేసేయండి."

అమ్మ చెయ్యి ఎడమ బుగ్గ మీదికి పోయింది. ఇన్నేళ్లలో బేరం మధ్యలో ఆమె చెయ్యి ముఖం మీదికి పోవడం నేను చూడలేదు. గంటె ఇచ్చేసింది. ఇచ్చినందుకు కాదు బాధ, పట్టుబడినందుకు.

ఆ తర్వాత అమ్మ పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, ఉసూరుమనీ అనిపించేది. ముందు మెడను పూర్తిగా ఎడమకు తిప్పి, కొనేవాళ్లకు ఎదురుగా పెట్టి చూసింది. రెండు సగాలూ కనిపిస్తే కుడి సగం ఎడమ సగాన్ని అదుపులో పెడుతుందని ఆశ. మెడ పట్టేసి నాన్న బామ్ రాయాల్సి వచ్చింది. తర్వాత బీరువాలోంచి పాత మాస్కు తీసి పెట్టుకుంది. సాయంత్రానికల్లా ఊళ్లో రోగం మళ్లీ వచ్చిందని పుకారు లేచింది, మందుల షాపులో మాస్కులడగడం మొదలుపెట్టారు. పక్క మడిగెలో సామాన్ల మీద పేర్లు చెక్కే చాచా మాస్కుల కథ విని గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వాడు. అమ్మ కన్నా కాస్త చిన్నవాడు, పాత దుకాణం అరుగు మీదే ఎప్పటినుంచో పనిచేసేవాడు, మాతో పాటే ఇటు మారాడు.

"భాభీ, మాస్కు తియ్. సామాన్లు కొననీకి ఎవరు రారు, దవాఖానా అనుకుంటరు."

అమ్మ మాస్కు తీసింది. కాని గద్దె ఎక్కడం కూడా మానేసింది. వెనక గదిలో పాత కాగితాలు చుట్టిన సామాను మధ్య ముక్కాలిపీట వేసుకొని కూర్చునేది. మాటలు తగ్గాయి. అన్నం దగ్గర నాన్న ఎడమ పక్కన కూర్చుంటే ఆమె చూపులు అటు పోయేవి కావు. ఎడమ చివర కిందికి జారింది జారినట్టే ఉండిపోయింది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అదే. ఆ చివర ఒక పూట కింద ఉండడం చూశాను గాని, రోజుల తరబడి ఉండడం ఎన్నడూ చూడలేదు.

ఒక రోజు పొద్దున టీ తాగుతూ చెప్పేసింది.

"సెల్ ఫోన్లు బాగుచేసే అతను మడిగె కిరాయికి అడుగుతున్నడు. ఇచ్చేద్దామనుకుంటున్న. శుక్రవారం రమ్మన్న."

"సామాను?" అన్నాను.

"టోకుకు ఎవరికన్న ఇచ్చేద్దం."

"మరి నువ్వు?"

"నేనేంది? నడుం వాలుస్త. ఇన్నేండ్లు కూసున్నది సాలదా?"

నాన్న గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. అమ్మ మాటలు చాలా సబబుగానే ఉన్నాయి. కాని నేను ఎడమవైపు కూర్చుని ఉన్నాను. గద్దె దిగిన అమ్మ ఎలా ఉంటుందో ఆ ఎడమ బుగ్గ ముందే చూపించేసింది. ఆ మడిగె పోతే మా అమ్మ బతికే ఉంటుంది గాని, మా అమ్మగా ఉండదు.

శుక్రవారం దాకా గద్దె మీద నన్ను కూర్చోమంది. నిజానికి ఆ గద్దె నాకే కొలత తీసి చేసినట్టుంది. నాకు కదిలేది కుడి చివర, కుడి పక్కనే గోడ. నా బండారం గోడకు తప్ప ఎవరికీ కనిపించదు. ఎన్నాళ్లకు దొరికిందిరా నాకు గోడ అని ఉబ్బిపోయాను. రోడ్డు చూస్తూ, గొంతు బిగించి, అమ్మ మాటలే అప్పజెప్పాను. వచ్చినవాళ్లు కాసేపు కూర్చున్నారు, నా ఎడమ చెంపను చూశారు, "మల్ల వస్తం," అని లేచి పోయారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఒకావిడైతే పోతూ పోతూ, "అమ్మ లేదా?" అని అడిగింది. ఉందని చెప్తే, "మరి నిన్నెందుకు కూసోవెట్టింది?" అంది. నేను గోడవైపు తిరిగి గంటెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

గురువారం మధ్యాహ్నం మా పాత గిరాకీ అవ్వ ఒకామె వచ్చింది. గోదావరి అవతల, దుమ్ముగూడెం వైపు ఊరు ఆమెది. తన ముగ్గురు బిడ్డల పెళ్లి సామానూ మా దగ్గరే కొన్నది. ఇప్పుడు మనవరాలి పెళ్లి. బల్ల మీద ఎండ చివర ఆమెదే, ఎంతమంది ఉన్నా జరిగి ఇచ్చేవాళ్లు. కొత్త మడిగె మెట్లెక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకొని, నన్నూ గోడనూ మార్చి మార్చి చూసింది.

"ఏదే మీ అమ్మ?"

"నేనున్న గదవ్వా. ఏం గావాలె చెప్పు."

"నీతోని నాకు బేరం కుదరదు."

"ఎందుకు కుదరదు? అమ్మ నేర్పిందే గద నాకు."

"ఆఁ, నేర్పింది. నువ్వు నవ్వుతున్నవో ఏడుస్తున్నవో కనవడ్తలేదు. గోడకు జెప్తున్నవ్ అన్నీ. ఆ పెద్ద తాంబాలం ఏది?"

"ఏ తాంబాలం?"

"అగో, పాత దుకాన్ల మీ అమ్మ పక్కన గోడకు ఉండె గద, పెద్దది. అది లేకుండ బేరం ఎట్ల చేస్తరు?"

ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైంది, నడి మధ్యాహ్నం కరెంటు వచ్చినట్టు. బల్ల, ఆ బల్ల ఎండ చివర, అక్కడినుంచి సూటిగా కనిపించే తాంబాలం, ఆ తాంబాలంలో తళతళా మా అమ్మ ఎడమ బుగ్గ. దాన్ని రోజూ తుడిచింది నేను. దుకాణం నిండా అద్దాల్లాంటి సామాను పెట్టుకొని, ముఖాన్ని గోడవైపు తిప్పి దాచానని నమ్మిన మనిషి లోకంలో మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. ఆమెకు గోడ కనిపించింది, గోడకు ఏం తగిలించిందో కనిపించలేదు.

వెనక గదిలో ముక్కాలిపీట చప్పుడైంది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందవ్వా నువ్వనేది?"

"అగో, ఉన్నవు గద! నీ మూతి చూసుకుంటనే గద సావుకారమ్మా మేం బేరం చేసేది. నువ్వు రోడ్డు చూస్తుంటివి, మేం తాంబాలం చూస్తుంటిమి."

"ఎప్పటిసంది?"

"నా పెద్దబిడ్డ పెండ్లప్పటిసంది. నాకు మా ఆడబిడ్డ చెప్పింది. ఆమెకెవరు చెప్పిన్రో."

అమ్మ గుమ్మం పట్టుకుంది. "అందరికి తెలుసా?"

"ఎండల ఊకెనే కూసుంటమా?"

అమ్మ పక్క మడిగె వైపు కేకేసింది. "ఏమయ్యా, నీకు తెలుసా?"

చాచా చెక్కే మిషను ఆపాడు. "ఏంది భాభీ, తాంబాలమా?" అన్నాడు. అలా అడగడంతోనే దొరికిపోయాడు. "నాకేం తెల్వది భాభీ," అని మళ్లీ మిషను వేసుకున్నాడు.

అమ్మ నాన్న వైపు తిరిగింది. నాన్న అప్పటికే రోడ్డు చూస్తున్నాడు. అచ్చం ఆమె నేర్పినట్టే, తనకేమీ పట్టనట్టు, చాలా ఏకాగ్రతతో చూస్తున్నాడు.

"ఇన్నేండ్లు నన్ను దోచుకతిన్నరు అందరు గలిసి!" అంది అమ్మ. కోపమో, ఏడుపో ఆమెకే తెలియదు. ఎడమ సగం మొత్తం వణికింది.

అవ్వ బల్ల మీద కూర్చుంది, ఇప్పుడు ఆ బల్ల అమ్మకు ఎడమ పక్కన. సంచిలోంచి తమలపాకు తీసి తొడిమ తుంచింది. తొందర లేదు.

"దోచుకున్నదెవరే? నువ్వు నవ్వేదాంక అడుగుతుంటిమి. నవ్వినంక ఇంకొక్కటి అడుగుతుంటిమి. నీ మూతి కిందికి దిగవోతే ఆపేస్తుంటిమి. మొత్తం పిండితే నీకేం మిగులతది, రేపు మా రెండో బిడ్డకు సామానెవరిస్తరు? నీకు ఆ నవ్వు ఇడిసిపెట్టే గద పోయినం ప్రతిసారి. అది నీ కొసరు."

అమ్మ కుడి సగం ఎప్పటిలాగే మూతేసుకొని ఉంది. నేను గద్దె మీదనుంచి ఆమె ఎడమ సగాన్ని చూస్తున్నాను. పెదవి చివర ఏ వైపు పోవాలో తెలియక కొంతసేపు కొట్టుకుంది. తర్వాత నాతో, "దిగు," అంది.

దిగాను. నాకు దొరికిన ఒకే ఒక గోడను అలా పోగొట్టుకున్నాను.

అమ్మ గద్దె మీద కూర్చొని చీర కుచ్చెళ్లు సర్దుకుంది. రోడ్డు వైపు చూడలేదు, అవ్వ వైపూ చూడలేదు. ఒళ్లోకి చూస్తూ, "ఏం గావాలె మనుమరాలికి?" అంది.

"అన్ని గావాలె. బిందెలు, గంగాళం, పళ్లాలు. ముందుగాల ఆ తాంబాలం గావాలె."

"ఏ తాంబాలం?"

"గదే. మీ పాత గోడది. మంచిగ కలిసొచ్చిన తాంబాలం అది. నా మనుమరాలు రేపు ఏదన్న దుకానం పెట్టుకుంటే గోడకు పెట్టుకుంటది."

"అది అమ్మేది గాదు."

"అమ్మనిది ఏముంటదే దుకాన్ల? చెప్పు, ఎంతంటవ్."

"అమ్మనంటే అమ్మను అవ్వా."

చిన్నప్పటినుంచి నేను ఆ దుకాణంలో ఈ మాట కొన్ని వందలసార్లు విన్నాను. "అమ్మను" అంటే ఇంకాస్త అడుగు అని అర్థం. అవ్వకు నా కన్నా బాగా తెలుసు. ముందుకు వంగి, ఇప్పుడు ఏ తాంబాలమూ అక్కర్లేకుండా, నేరుగా అమ్మ ఎడమ పెదవి చివర చూసింది. అది లేవలేదు. కిందికీ జారలేదు. నిలబడింది.

అవ్వ వెనక్కి జరిగి కూర్చుంది.

"అవ్. నిజంగనే అమ్మవు," అంది. "సరే, బిందెలు తియ్యి."

ఇన్నేళ్ల వ్యాపారంలో అమ్మ "లేదు" అన్న మాటను కొనేవాళ్లు ఇంత తొందరగా నమ్మడం అదే మొదటిసారి. ఆ సంగతి అమ్మకూ తట్టినట్టుంది. చెయ్యి మళ్లీ ఎడమ బుగ్గ మీదికి పోయింది. ఈసారి దాచుకోవడానికి కాదు, ఎవరిదో కొత్త వస్తువు తడిమి చూసినట్టు.

బిందెల దగ్గర ఇద్దరూ బాగానే కొట్లాడుకున్నారు. గంటె ఇస్తే చెంచా ఏడుస్తదంది అమ్మ. ఏడ్చేదాన్ని నేను ఊకుంచుకుంటా, రెండూ ఇయ్యమంది అవ్వ. ఎడమ చివర లేచింది. అవ్వ ఇంకొక్కటి అడిగింది. చివర కాస్త తగ్గింది. అవ్వ ఆగింది. "చూసినవా, గిట్ల," అంది నాతో. చాచా గంగాళం మీద పెళ్లికూతురి పేరు చెక్కుతూ మిషను చప్పుడు మీద కూనిరాగం తీశాడు.

అవ్వ వెళ్లాక అమ్మ నాన్నతో ఆ తాంబాలం విప్పించింది. పాత కాగితాల మధ్యనుంచి బయటికి తీసి నాకిచ్చి తుడవమంది. తుడిచాను, నా మూతి కూడా అందులో వంకరగా కనిపించింది. దాన్ని ఈసారి ఆమె తన పక్క గోడకు పెట్టనివ్వలేదు. బల్ల పైన, తనకు సూటిగా కనిపించేట్టు, ఎదురు స్తంభానికి కొట్టించింది.

"ఎందుకే అక్కడ?" అన్నాడు నాన్న.

"అందరు చూసిన్రు. నేను ఒక్కదాన్నే చూడలే. ఎట్లుంటదో నన్ను గూడ చూడనియ్యి."

శుక్రవారం సెల్ ఫోన్లు బాగుచేసే అతను వచ్చాడు. మంచి కుర్రాడే, మర్యాదగా మెట్ల దగ్గర చెప్పులు విడిచి, అడ్వాన్సు కవరు చేతిలో పట్టుకొని బల్ల మీద కూర్చున్నాడు. గద్దె మీద అమ్మ. అలవాటు ఎక్కడికి పోతుంది, చూపు రోడ్డు మీద.

"ఏందమ్మా, అనుకున్నట్టే గద?" అన్నాడు. అమ్మ జవాబివ్వలేదు. ధర సరిపోలేదేమోనని అనుకున్నాడు, పాపం. "పోనీ, ఇంకొంచెం పెంచుత. మీరు పెద్దోళ్లు, మీ మాట తీసెయ్యను," అంటూ ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి కనిపించేది ఎడమ సగమే, అందులో లేవకుండా జారకుండా నిలబడ్డ పెదవి చివరే. కాసేపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ అమ్మను చూశాడు. కవరు జేబులో పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని, "వస్తనమ్మా," అని దిగి వెళ్లిపోయాడు.

అమ్మ అప్పుడు ఇటు తిరిగింది.

"ఏందే గట్ల పోయిండు? నేను ఇంకా ఏమన్లే గద!"

"సగం అన్నవ్ లేమ్మా," అన్నాను.